మూడు తలలకు ఒక్క దస్తార్

ముందే చెప్పేస్తున్నాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నేను చూసిన పిల్లి వీధి మలుపు తిరిగేసరికి పులి అవుతుంది. ఆబిడ్స్ చేరేసరికి ఆ పులి నాకు సలాం చేసి, క్షేమం అడిగి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చి ఉంటుంది. నా భార్య నా మాటల్ని చేటలో పోసి చెరిగి, మిగిలిన నాలుగు గింజల్ని మాత్రం నమ్ముతుంది. మీరూ ఒక చేట దగ్గర పెట్టుకోండి. అయితే ఒక హామీ ఇస్తున్నాను. ఇందులో నేను గాలి కొట్టి ఉబ్బించినవి బోలెడు ఉన్నా, లేనిదాన్ని పూర్తిగా పుట్టించింది మాత్రం ఒక్కటే. అదేదో చివర నా నోటితోనే చెబుతాను. అంతదాకా నిలదీయకండి.

అవి యుద్ధం రోజులు. యుద్ధం ఎక్కడో సముద్రాల అవతల జరిగేది, కిరసనాయిలు మాత్రం నాంపల్లిలో మాయమయ్యేది. స్టేషను వెనక సందులో ఒక ఇంట్లో ముగ్గురం కిరాయికి ఉండేవాళ్ళం. ఆ సందు ఎంత ఇరుకంటే, ఎదురింటాయన ఆవులిస్తే మా ఇంట్లో దీపం రెపరెపలాడేది. రైలు కూత పెట్టినప్పుడల్లా గోడ సున్నం రాలి పప్పులో పడేది. బొంబాయి బండి వేళకు కంచాల మీద చేతులు అడ్డం పెట్టుకునేవాళ్ళం. పాసింజరు బండికి అక్కర్లేదు, దాని కూత అంత నీరసం.

ముగ్గురిలో పెద్దవాణ్ణి నేను. ఆబిడ్స్ పక్కన ఒక సర్కారు దఫ్తరులో పాత గుమాస్తాని. రెండో ఆయన మెదక్ వైపు క్రైస్తవ మిషను కుటుంబం మనిషి, ఒక బళ్ళో చరిత్ర చెప్పేవాడు. సారు అని పిలిచేవాళ్ళం. సారుకు కోపం రావడం ఎవరూ చూడలేదు. ఒకసారి తేలు కుడితే, "పాపం, దాని ఫికర్ దానికి ఉంటది" అన్నాడు. మూడోవాడు జనగామ దగ్గర పల్లెవాడు, నాంపల్లిలోనే ఇంకో దఫ్తరులో గుమాస్తా. అతని ఉద్యోగం ఇంకా కచ్చా. అంటే ఇవాళ ఉంది, రేపటి సంగతి పైవాళ్ళ దయ. పేర్లెందుకు, కచ్చా గుమాస్తా అందాం.

అతని పెళ్ళాం, చిన్న కూతురు ఊళ్ళో ఉండేవారు. ఉద్యోగం పక్కా అయితే ఇద్దర్నీ పట్నం తెచ్చుకోవాలని అతని ఆశ. కాకపోతే పొమ్మన్న రోజున మూట కట్టుకుని వెళ్ళిపోవాలి. ఊళ్ళో ఉన్న కాస్త మెట్ట చెలక వాళ్ళ అన్నలకే చాలదు. పోయినసారి ఇంటికి వెళితే కూతురు వాకిట్లోంచి లోపలికి పరిగెత్తి, "అమ్మా, ఎవరో వచ్చిన్రు" అని చెప్పిందట. ఆ ముచ్చట అతను మాకు నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూనే రెండు రోజులు అన్నం కెలికి లేచాడు.

మాకు వండిపెట్టేది నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ. మామూలుగా మమ్మల్ని "కొడుకా" అనేది. కోపం వస్తే "సార్లూ" అనేది. ఆమె "సార్లూ" అన్న రోజున పప్పులో సున్నం ఎక్కువుండేదని నా అనుమానం.

మనుషులు ముగ్గురే అయినా మా మెస్సుకు ఒక సదర్, అంటే అధ్యక్షుడు, ఉండాలని నేను పట్టుబట్టాను. ఎన్నిక పెట్టాను, నేనే నిలబడ్డాను, నేనే గెలిచాను. పోటీ తీవ్రంగా లేదు.

ఇక దస్తార్ సంగతి. ఆ కాలంలో హైదరాబాదు దఫ్తర్లలో మామూలు రోజున షేర్వానీ, కుచ్చు వేలాడే రూమీ టోపీ చాలు. కానీ పెద్ద దొర ఎదుట హాజరు కావాలంటే తలమీద దస్తార్, నడుముకు బగ్లూస్ ఉండాల్సిందే. దస్తార్ అంటే ముందే చుట్టి బిగించి ఉంచిన తలపాగా, టోపీలాగా ఎత్తి తలమీద పెట్టుకోవడమే. బగ్లూస్ అంటే షేర్వానీ మీద బిగించే పట్టీ, ముందు పెద్ద బిళ్ళ. తలకొక జత కొనే తాహతు మా బోటి గుమాస్తాలకు ఎక్కడిది? అందుకని మూడు తలలకూ కలిపి మా మెస్సులో ఒక్కటే జత. జుమేరాత్ బజార్లో పాత సామాన్ల గుట్టలోంచి నేనే ఏరి తెచ్చాను, నా తల కొలతకు సరిపోయేది చూసుకుని.

నా తల కాస్త పెద్దది. నాకు క్షౌరం చేసే ఆయన సగం తల కాగానే ఇంటికి వెళ్ళి భోంచేసి వచ్చేవాడు. ఆ దస్తార్ సారుకు కనుబొమ్మల దాకా దిగేది. బడి తనిఖీ రోజున ఆయన గడ్డం పైకెత్తుకుని నడిచేవాడు, పిల్లలు దాన్ని గాంభీర్యం అనుకునేవాళ్ళు. కచ్చా గుమాస్తా దాన్ని పెట్టుకునే అవసరం అప్పటికింకా రాలేదు. అతని తల ఒక మాదిరి టెంకాయంత ఉంటుంది.

ఒక ఎండాకాలం సాయంత్రం నేను ఎండనూ, నల్లానూ, రైళ్ళనూ, మా పెద్ద సాబునూ ఒకే ఊపిరిలో తిడుతుంటే, సారు చదువుతున్న పుస్తకం మూశాడు.

"సదర్ సాబ్, ఎన్కట గ్రీకు దేశంల స్టోయిక్కులని ఉండెటోళ్ళు. ఊరి నడుమ స్తంభాల అరుగు మీద పాఠాలు జెప్పెటోళ్ళు. అటెన్క రోముకు గూడ పోయింది గా విద్య. గాళ్ళల్ల బానిసలు ఉన్నరు, రాజ్యాలు ఏలినోళ్ళు గూడ ఉన్నరు."

అవ్వ రొట్టె తడుతూ తడుతూ ఆగింది. "అరుగు మీద కూసోని ముచ్చట్లు జెప్పెటోళ్ళు మా ఊర్ల శాన మంది ఉన్నరు సారూ. గాళ్ళకు గూడ పేరు వెట్టిన్రా?"

"గా ముచ్చట వేరే అవ్వా. లోకంల కొన్ని మన చేతుల ఉంటయి, కొన్ని ఉండయి. ఎండ మన చేతుల లేదు. ఎండకు మన మొకం ఎట్ల వెట్టుకోవాలె అన్నది మన చేతుల ఉన్నది. లేనిదానికి ఏడ్సుడు బంద్ వెట్టి, ఉన్నది సక్కగ జేసుకోవాలె. గంతే."

"మరి నా అసుంటి పెత్తనం జేసెటోని సంగతేంది?" అన్నాను.

"మందిని ఏలెటోడు ముందుగాల తన నోరును ఏలుకోవాలె," అన్నాడు సారు, మర్యాద కోసం గోడ వైపు చూస్తూ.

ఆ మాట గోడకు తగిలింది గాని నాకు తగల్లేదు. నా కళ్ళముందు ఒక కొత్త రాజ్యమే కనబడింది. మర్నాడు పొద్దున్నే సదర్ హోదాలో శాసనం జారీ చేశాను: మన చేతిలో లేనివాటి గురించి సణగాలనుకున్నవాళ్ళు గడప దాటి, సందులో నిలబడి సణగాలి. గడప లోపల నోరెత్తితే అది మన చేతిలో ఉన్న సంగతే అయ్యుండాలి. పైగా, ఎత్తినవాడే లేచి ఆ పని చేయాలి.

మొదటి దెబ్బ నాకే తగిలింది. "పెంకులు కురుస్తున్నయి, ఎవనికీ పట్టదు" అని గడప లోపల అన్నాను. సారు నిచ్చెన తెచ్చి గోడకు ఆనించాడు. ఇంటి కప్పు మీద నుంచి చూస్తే నాంపల్లి చాలా అందంగా ఉంటుంది. చార్మినార్ మీద కూర్చున్న పావురం కన్ను కూడా కనిపించింది నాకు.

ఆ తరవాత అందరూ తెలివిమీరిపోయారు. ఏ సంగతైనా సరే, చటుక్కున గడప దాటి మొదలెట్టడమే. అవ్వ తడి కట్టెల్ని తిట్టడానికి బయటికి వెళ్ళేది, కిరసనాయిలు గురించి మళ్ళీ వెళ్ళేది. తిరిగి తిరిగి కాళ్ళు నొప్పులని చివరికి పొయ్యినే సందులోకి మార్చింది. కచ్చా గుమాస్తా ఆఫీసు నుంచి వస్తూనే గడప అవతలే ఆగి, కడుపులో ఉన్నదంతా కక్కి, చెప్పులు విడిచి లోపలికి వచ్చేవాడు. ఇల్లు మహా ప్రశాంతంగా ఉండేది, ఎందుకంటే ఇంట్లో ఎవరూ ఉండేవారు కాదు.

సందులోవాళ్ళకు ఇదొక తమాషా అయింది. వాళ్ళూ వచ్చి మా గడప బయట నిలబడి తమ గోడు వెళ్ళబోసుకునేవారు. ఒక పెద్దాయన రోజూ వచ్చి అడిగేవాడు:

"సదర్ సాబ్, మా అల్లుడు మా చేతుల ఉన్నట్టా, లేనట్టా?"

"లేనట్టే."

"అల్హమ్‌దులిల్లా," అని దేవుడికి కృతజ్ఞత చెప్పి వెళ్ళిపోయేవాడు. ఆ ఒక్క మాట వినడానికి లక్డీకాపూల్ నుంచి కూడా జనం వచ్చారంటే మీరు నమ్మరు. నమ్మకండి, చేట ఉందిగా.

ఇలా మా రాజ్యం వెలుగుతుండగా ఒక రోజు కచ్చా గుమాస్తా ఇంటికి వచ్చి, గడప దగ్గర ఆగిపోయాడు. లోపలికి రాడు, బయట నిలబడి సణగడు. ఒక కాలు ఇటు, ఒక కాలు అటు.

"ఏమైంది తమ్మీ?" అన్నాడు సారు.

"నాజిమ్ సాబ్ పిలిచిండు సారూ. వచ్చే శనివారం పొద్దుగాల హాజరు గావాలెనట. మా దఫ్తర్ మొత్తానికి గాయనే పెద్ద. మొకం జూసి, రెండు మాటలు అడిగి, పక్కా జేస్తడట. లేకపోతె ఇంటికి పొమ్మంటడట." అతను తన రెండు కాళ్ళనూ చూసుకున్నాడు. "గిది మన చేతుల ఉన్నదా, లేదా? ఏ దిక్కు నిలవడాలె నేను?"

అవ్వ పొయ్యి దగ్గర నుంచే, "గా నడుమ నిలవడకు కొడుకా, కోళ్ళు లోపటికి వస్తున్నయి" అంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర సారు స్టోయిక్కుల ఇంకో కిటుకు చెప్పాడు. రాబోయే కష్టాన్ని ముందుగానే మనసులో తెచ్చుకుని చూసుకోవాలట. ఇలా రోజూ చూసుకుంటే అది నిజంగా వచ్చే వేళకు పాత చుట్టంలా ఉంటుందట, భయం వేయదట. ఇది నాకు భలే నచ్చింది. కష్టాలు పెట్టడంలో నాకున్న ప్రతిభ ఆబిడ్స్‌లో అందరికీ తెలిసిందే.

మర్నాటి నుంచి రిహార్సళ్ళు. నేను నాజిమ్ సాబును. జొన్నల గోనె మీద కూర్చుని, మీసాలు మెలేసి, అతను వంగి సలాం చేయగానే ఇల్లు అదిరిపోయేలా గద్దించేవాణ్ణి. "ఎవడ్రా నువ్వు? నీ చేతిరాత కోడి కెలికినట్టున్నది! నీ అసుంటోళ్ళు నాకు వెయ్యి మంది!" సారు పక్కన నిలబడి, "శ్వాస తియ్యి తమ్మీ. గాయన అరుపు నీ చేతుల లేదు, నీ జవాబు నీ చేతుల ఉన్నది" అని నెమ్మదిగా అందించేవాడు. అవ్వ అకస్మాత్తుగా వచ్చే ఆపద. వెనక నుంచి వచ్చి చెంబెడు నీళ్ళు వీపు మీద గుమ్మరించేది. ఆ పని ఆమె చాలా నిష్ఠగా చేసింది. రిహార్సల్ లేనప్పుడు కూడా చేసింది.

నాలుగు రోజులు తిరిగేసరికి అతను రాయిలా తయారయ్యాడు. తిట్టినా చలించడు, నీళ్ళు పోసినా చలించడు, పక్కన గిన్నె పడేసినా కన్నార్పడు. నేను మా స్టోయిక్కు విద్యకు మురిసిపోయి మీసం దువ్వుకున్నాను.

అప్పుడు బయటపడింది అసలు చిక్కు.

అదే శనివారం పొద్దున, అదే వేళకు, మా దఫ్తరు పెద్ద సాబు పదవి దిగిపోతున్న సందర్భంగా ఆబిడ్స్‌లో ఒక స్టూడియోలో గ్రూపు ఫోటో అని ఆ రోజే ఖాయమైంది. దస్తార్ బగ్లూస్ ఉన్నవాళ్ళకు ముందు వరసలో కుర్చీలు. లేనివాళ్ళు వెనక నిలబడాలి. ముందు వరసలో చివరి కుర్చీ నాది. ఈ కుర్చీ సంగతి నెల ముందు నుంచే ఇరానీ హోటల్లో, పోస్టాఫీసు మెట్ల మీద, కాచిగూడలో మా బావమరిది ఇంట్లో, దారిలో కనబడిన టాంగావాళ్ళ దగ్గర, టాంగా గుర్రాల దగ్గర కూడా చెప్పుకున్నాను. ఆ కుర్చీ నాకు రాజు సింహాసనం కన్న ఎత్తుగా కనబడేది.

దస్తార్ ఒక్కటి. తలలు రెండు. కిరాయికి ఇచ్చే దుకాణంలో అడిగితే, ఉన్నవన్నీ ఆ వారం ఒక నవాబుగారింటి పెళ్ళికి పోయాయన్నాడు.

"సదర్ సాబ్," అన్నాడు సారు, "ఫోటోల మీరు ఎట్ల కండ్లవడుతరు అన్నది గడప లోపటిదా, అవతలిదా?"

నేను లేచి, గడప దాటి, సందులో నిలబడి సమాధానం చెప్పాను. చాలాసేపు చెప్పాను. ఆ చెప్పింది ఇక్కడ రాయను, అందులో స్టోయిక్కుల మీద కూడా కొన్ని మాటలున్నాయి.

లోపలి నుంచి అవ్వ గొంతు వినబడింది. "ఫోటువ గోడకు ఏలాడుతది సార్లూ. గా పిల్లకు నాయిన గావాలె."

ఆమె "సార్లూ" అన్నదంటే సంగతి ముదిరినట్టే. అయినా నేను లొంగేవాణ్ణి కాదు. నన్ను లొంగదీసింది కచ్చా గుమాస్తా. అతను బయటికి వచ్చి, నా పక్కన నిలబడి, ఎప్పటిలాగే నవ్వుతూ అన్నాడు:

"నువ్వే వెట్టుకో అన్నా. నెల సంది ఎదురు సూస్తున్నవ్. నేను రూమీ టోపీ తోనే పోత. నసీబ్ల ఉంటె ఐతది, లేకుంటె లేదు. గది నా చేతుల లేదు గద."

ఆ నవ్వు నేను ఎరుగుదును. కూతురు "ఎవరో వచ్చిన్రు" అన్నదని చెప్పినప్పటి నవ్వే. రెండు రోజులు అన్నం కెలికే నవ్వు.

లోపలికి వెళ్ళి పెట్టె తెరిచి, దస్తార్ తీసుకొచ్చి అతని తలమీద పెట్టాను. అది కళ్ళు దాటి, ముక్కు దాటి, మీసాల మీద కూర్చుంది. లోపలి నుంచి "అన్నా, చీకటైంది" అని వినబడింది.

దాన్ని నిలబెట్టడానికి పడిన పాట్లు అన్నీఇన్నీ కావు. సారు పాత పేపర్లు మడిచి లోపల కుక్కాడు. తల ఊపినప్పుడల్లా కరకరమని చప్పుడు. నాజిమ్ సాబ్ అడిగిన ప్రతిదానికీ ఔనని తల ఊపితే ఎలకలు తిరుగుతున్నట్టుంటుంది. నా తువ్వాలు పెట్టి చూశాం. ఒక చెవి వైపు ఒరిగింది. చివరికి అవ్వ, "జరుగున్రి అవతలికి, పొద్దుగాల నేను జూస్త" అని దస్తార్ లాక్కుని వెళ్ళింది. శనివారం పొద్దున చూస్తే అది అతని తలమీద అచ్చు కొలిచి చేసినట్టు కూర్చుంది. ఎలా చేశావని ఎంత అడిగినా చెప్పలేదు. "అరుగు మీదోళ్ళను అడుగు" అంది.

బగ్లూస్ మాత్రం అతని నడుముకు రెండు చుట్లు వచ్చింది. బిళ్ళ ముందుకు రావాలి గనక మిగతా పట్టీని షేర్వానీలోకి తోశాం. అతను నాంపల్లి దఫ్తరు వైపు నడిచాడు, పెళ్ళికొడుకులా, మెడ కదలకుండా. నేను రూమీ టోపీ పెట్టుకుని ఆబిడ్స్ వైపు నడిచాను.

స్టూడియోలో నా కుర్చీలో ఇంకెవరో కూర్చున్నారు. నన్ను వెనక వరసలో నిలబెట్టారు. నా ముందు మా రికార్డు గదిలో పనిచేసే మనిషి. అతను నిలబడితే కిటికీ మూసినట్టుంటుంది. ఫోటో తీసే ఆయన నల్లగుడ్డలో దూరి "హిలో మత్" అన్నాడు. నేను కదల్లేదు. కదిలినా ఎవరికీ తెలిసేది కాదు. తరవాత ఫోటో వచ్చింది. అందులో ఆ మనిషి భుజం పక్క నుంచి ఒక చెవి కనిపిస్తుంది, కుడిచెవి, నిండుగా, చక్కగా. దాన్ని చూపించి "ఇదిగో నేను" అని ఇప్పటికీ ఇంటికి వచ్చినవాళ్ళకు చెబుతాను. గౌరవం మన చేతిలో లేదు, చెవి ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

కచ్చా గుమాస్తా మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాడు. దస్తార్ తలమీద లేదు, చేతిలో ఉంది. అవ్వ పొయ్యి వదిలి వచ్చింది. సారు బడి నుంచి సెలవు పెట్టి మరీ కూర్చున్నాడు.

"ఎట్లైంది తమ్మీ? గట్టిగ అరిచిండా?"

"అరవలే సారూ. గదే చిక్కయింది." అతను గోనె మీద, నా నాజిమ్ గద్దె మీదే, కూలబడ్డాడు. "నేను పోయి సలాం జేసిన. తిట్టుడు షురూ జేస్తడని శ్వాస తీసి నిలవడ్డ. గాయన నన్ను జూసి, 'ఆవో మియా, బైఠో' అన్నడు. కూసోమన్నడు సారూ! గంత పెద్దాయన, ఎదురుంగ కుర్సీ జూపిచ్చి. గది మనం రిహార్సల్ల జెయ్యలే."

సారు, నేను మొహామొహాలు చూసుకున్నాం. అన్ని ఆపదలూ తలచుకున్నాం. మర్యాదను తలచుకోలేదు.

"తిడితె నిలవడుతుంటి. కూసోమంటె నా కండ్లల్ల నీళ్ళొచ్చినయి. గాయన జూసి, 'ఎండల నడిసి వచ్చినట్టున్నవ్, జర దస్తార్ తీసి పక్కకు వెట్టుకో' అన్నడు."

"తీసినవా?" అన్నాను భయంగా.

"హుకుం ఐనంక తియ్యకపోతె ఎట్లన్నా? తీసిన. లోపటి నుంచి రొట్టె వడ్డది. గాయన బల్ల మీద. కాయితాల మీద. నడుమ ఉల్లిగడ్డ గూడ ఉండె."

అందరం అవ్వ వైపు తిరిగాం. అవ్వ ఏమీ తొణకలేదు. "పేపరుకైతె సప్పుడు, గుడ్డకైతె ఒరుగుడు. రొట్టెను బట్టల సుట్టి మడిస్తె మెత్తగ, గట్టిగ నిలవడుతది. పొద్దుగాల ఏం దినకుంట పోతున్నడు, ఆకలైతె దింటడనుకున్న."

"తలమీది నుంచి దీసుకొని తింటడా అవ్వా!" అన్నాను.

"ముందుగాల ఏమైందో జెప్పనియ్యి సార్లూ," అంది.

"'యే క్యా హై?' అన్నడు నాజిమ్ సాబ్. రొట్టె హుజూర్ అన్న. 'దస్తార్‌మే రోటీ?' అన్నడు. నాకు బుగులైంది. ఇగ అయిపాయె, ఊరికి వోవుడే అనుకున్న. గప్పుడు మన గడప యాదికొచ్చింది. రొట్టె వడ్డది, గది ఇగ నా చేతుల లేదు. నిజం జెప్పుడు ఒక్కటే నా చేతుల ఉన్నది. 'హుజూర్, దస్తార్ నాది గాదు, మా సదర్ సాబ్‌ది. రొట్టె మా అవ్వది. తలకాయ ఒక్కటే నాది' అన్న."

సారు రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకు వంగాడు. ఆయన అలా వంగడం నేనెప్పుడూ చూడలేదు.

"గాయన నవ్విండు సారూ. గట్ల నవ్విండు, చప్రాసీ తలుపు తీసి జూసిండు. నవ్వి నవ్వి కండ్లు తుడుసుకొని, 'దస్తార్లు వెట్టుకొని వచ్చెటోళ్ళు నా తాన మస్తు మంది ఉన్నరు. తలకాయ నాదని జెప్పినోనివి నువ్వొక్కనివే' అన్నడు. పని గురించి అడిగిండు. జెప్పిన. భయం లేకుంట జెప్పిన, ఎందుకంటె దాచెటందుకు ఇగ ఏం మిగల్లే. గంతే. దస్కత్ జేసిండు."

"అంటె?"

"పక్కా అన్నా."

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని, పొయ్యి దగ్గరికి పోతూ, "రొట్టె మల్ల తెచ్చినవా, గాడనే ఇడిసివెట్టినవా?" అని అడిగింది.

నెల తిరక్కుండానే అతని భార్యా కూతురూ వచ్చారు. స్టేషనుకు నలుగురం వెళ్ళాం. ఆ పిల్ల బండి దిగి, తండ్రిని చూసి, ఆగి, తల్లి చెంగు పట్టుకుంది. తరవాత నన్ను చూసింది, నా తలను పై నుంచి కింది దాకా చూసింది. వేలు నా వైపు పెట్టి, "నాయినా, గీయన ఎవరు?" అని అతన్ని అడిగింది. అతను పిల్లను భుజానికి ఎత్తుకుని, ఎవరికీ మొహం కనిపించకుండా ముందు నడిచాడు. నా తల అంత పెద్దదిగా ఉన్నందుకు నాకు జీవితంలో మొదటిసారి సంతోషం కలిగింది.

ఇక అప్పు తీర్చాలి. పుట్టించింది ఏదో చెబుతానన్నాను.

మీరు రొట్టెను అనుమానిస్తున్నారు. నాకు తెలుసు. రొట్టె నిజం. ఉల్లిగడ్డ కూడా నిజం. చార్మినార్ పావురం కన్ను కొంచెం గాలి. లక్డీకాపూల్ నుంచి జనం రావడం చాలా గాలి. నాజిమ్ సాబ్ చెప్పిన మాట, పక్కా గుమాస్తా చెప్పిన ప్రకారం, అక్షరాలా అంతే.

పుట్టించింది ఆ చెవి నాదన్న మాట. ఆ ఫోటోలో నేను లేను. అసలు ఆ పొద్దున స్టూడియో గుమ్మం తొక్కనే లేదు.

ఆబిడ్స్ వైపు నడిచిన మాట నిజమే. మలుపు దాకా నడిచాను. అక్కణ్ణుంచి కాళ్ళు వాటంతట అవే వెనక్కి తిరిగాయి. అతని దఫ్తరు గేటుకు ఎదురుగా ఒక ఇరానీ హోటలుంది. దాని ముందు రోడ్డు మీద నిలబడి, కాళ్ళు మార్చి మార్చి, ఎండనూ, నాజిమ్ సాబునూ, అవ్వనూ, చిన్న తలలనూ, పెద్ద దస్తార్లనూ, గ్రీకులనూ, రోమువాళ్ళనూ బిగ్గరగా తిట్టుకుంటూ ఆ పూటంతా గడిపాను. హోటలాయన జాలిపడి, "సాబ్, అందర్ ఆకే బైఠో, చాయ్ పియో" అన్నాడు. రాలేనన్నాను. నేను సణుగుతున్నది నా చేతిలో లేనిదాని గురించి. గడప దాటి లోపలికి వస్తే నా శాసనం నేనే మీరినట్టు. ఆయన చాయ్ బయటికే పంపించాడు. నేను తాగినట్టు గుర్తులేదు.

మెస్సు సదర్, ముగ్గురికి రాజు, స్టోయిక్కు విద్యలో సారుకు ప్రథమ శిష్యుడు, ఒక గుమాస్తా కోసం రోడ్డు మీద గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాడంటే పరువేం కావాలి? అందుకని ఆ చెవి నాదన్నాను. ఇంట్లో అందరి ముందూ అతను చెప్పింది రెండోసారి; నేను ముందే ఇల్లు చేరి, ఏమీ తెలియనట్టు అడిగాను. మొదటిసారి ఆ గేటు దాటి వచ్చి, నన్ను చూసి, జరిగింది చెబుతూనే, చేతిలోని దస్తార్ లోంచి రొట్టె తీసి, సగం విరిచి నా చేతిలో పెట్టాడు. ఇద్దరం అక్కడే నిలబడి తిన్నాం.

ఫోటోలో ఉన్న ఆ చెవి ఎవరిదో నాకూ తెలియదు. ఎవరిదైనా, మంచి చెవి.